కంప్యూటరు ధ్వనిలో చిటపటలు – కారణములు, నివారణము

కంప్యూటరులో సంగీతము వినుచుండగా నడుమ నడుమ "టప్" అనియు, "చిట్" అనియు శబ్దములు వినబడుట చాలమందికి అనుభవమే. పాట సాగుచునే యుండును. కాని మూకుడులో ఆవాలు వేగినట్లు దానిపై వేరొక చప్పుడు వచ్చి చేరును. వినోదమునకై వినువారికి అది కొంత చికాకు మాత్రమే. ధ్వనిని దాచుకొనువారికి అది నష్టము.

ఒక ఇంటిలో ఎనుబది యేండ్ల అవ్వ తనకు వచ్చిన పెండ్లిపాటలు పాడగా, మనుమడు మైక్రోఫోను పెట్టి వాటిని కంప్యూటరులో రికార్డు చేసినాడనుకొనుడు. మరునాడు విని చూడగా పాట పొడుగునను చిటపటలే. ఆ చప్పుడు రికార్డు చేయునపుడే పాటలో కలిసినదా? లేక ఇపుడు వినిపించునపుడు పుట్టుచున్నదా? మొదటిదైనచో పాట చెడినది. అవ్వ మరల పాడినగాని అది దక్కదు. రెండవదైనచో పాట క్షేమముగానే యున్నది. యంత్రమును సరిచేసికొన్న చాలును. ఈ భేదము తెలియకపోవుటచే మంచి రికార్డును చెరిపివేయుటయు, చెడినదానిని మంచిదని దాచుటయు జరుగుచుండును.

చెవికి వినబడు చప్పుడు ఇంచుమించు ఒక్క తీరుననే యున్నను దాని కారణములు అనేకములు. కంప్యూటరులో ధ్వని ఏ దారిని పోవుచున్నదో తెలిసినచో, ఆ దారిలో ఏ చోట చెడినదో కనుగొనుట కష్టము కాదు.

సంఖ్యలుగా మారిన ధ్వని

ధ్వని యనగా గాలిలోని కంపనము. మైక్రోఫోను ఈ కంపనమును విద్యుత్తరంగముగా మార్చును. పూర్వపు గ్రామఫోను పలకలోను, టేపులోను ఈ తరంగపు ఆకారమునే గీతగానో, అయస్కాంత శక్తిగానో నిలిపెడువారు. ఆ పద్ధతిలో ఒక చిక్కు కలదు. పలకపై పడిన గీటునకును, పాట గీతకును భేదము సూదికి తెలియదు; రెంటిని సమానముగనే వినిపించును. దూరపు టెలిఫోను తీగెలలోను ఇంతే. దారి పొడుగునను తరంగమును పెంచు యంత్రములు మాటతోపాటు గరగరను గూడ పెంచెడివి.

ఈ చిక్కును తప్పించుటకు 1937లో, పారిస్ నగరమున పనిచేయుచుండిన అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు ఒక ఉపాయమును కనుగొనెను. తరంగమును ఉన్నదున్నట్లు పంపుటకు బదులు, క్షణక్షణమునకు దాని ఎత్తును కొలిచి, ఆ కొలతను సంఖ్యగా వ్రాసి, ఆ సంఖ్యనే పంపవలెను. సంఖ్యలో ఉండునవి 1, 0 అను రెండు గుర్తులే. దారిలో కొంత గరగర కలిసినను, వచ్చినది 1 యో 0 యో గుర్తింపగలిగినంత వరకు సంఖ్య చెడదు. దీనిని పల్స్ కోడ్ మాడ్యులేషన్ అందురు. నేటి కంప్యూటరు ధ్వని కంతటికిని ఇదియే మూలము.

1982లో అంగడికి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఒక్కొక్క చెవికి సెకండునకు 44,100 కొలతలు ఉండును. మనుష్యుని చెవి వినగల కంపనములు సెకండునకు సుమారు 20 మొదలు 20,000 వరకు. ఒక కంపనమును తప్పులేక పట్టుటకు దానికి రెండింతలకు మించిన కొలతలు కావలెను. అందుచేతనే ఆ సంఖ్య. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు కలవు. ఈ లెక్కన రెండు చెవులకు కలిపి అయిదు నిమిషముల పాటలో 2 కోట్ల 64 లక్షల 60 వేల సంఖ్యలుండును. కంప్యూటరులలో సెకండునకు 48,000 కొలతలు అను లెక్కయే ఎక్కువగా వాడుకలో ఉన్నది.

సంఖ్యలు చెడవనినచో కంప్యూటరు ధ్వనిలో చిటపటలు ఎక్కడివి? చాల సందర్భములలో సంఖ్యలు చెడుట లేదు. అవి వేళకు చేరుట లేదు. పాతయంత్రములలో దోషము ధ్వని ఆకారమున ఉండెడిది. కంప్యూటరులో అది కాలమునకు మారినది. ఈ ఒక్క విషయము తెలిసినచో తక్కినది సులభము.

ధారాపాత్ర

శివాలయములో లింగముపై ధారాపాత్ర వ్రేలాడుచుండును. దాని అడుగున సన్నని రంధ్రము. నీరు ఒకే తీరున ధారగా పడుచుండును. అర్చకుడు అపుడపుడు వచ్చి కలశముతో పాత్రను నింపిపోవును. అతడు ఎడతెగక పోయనక్కరలేదు. పాత్ర ఖాళీ యగునంతలో వచ్చిన చాలును. ఎపుడైన ఇతర కార్యములలో పడి ఆలస్యము చేసినచో ధార తెగును.

కంప్యూటరులో ధ్వని పోవు పద్ధతి సరిగా ఇదియే. ధ్వని పరికరము, అనగా సౌండు చిప్పు, స్ఫటిక గడియారము ననుసరించి సెకండునకు 48,000 సార్లు ఒక్కొక్క సంఖ్యను తీసికొని, దానిని విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపును. ఒక్కొక్క సంఖ్యకు దొరకు వ్యవధి సెకండులో పదిలక్షల భాగములు సుమారు 21 మాత్రమే. అది ఆగదు, ఎవరికొఱకును వేచియుండదు. ప్రాసెసరు అర్చకుని వంటిది. సంఖ్యలను గుంపుగా తెచ్చి బఫర్ అను చిన్న జ్ఞాపకస్థలములో నింపి, తన ఇతర కార్యములకు పోవును. ఈ బఫరే ధారాపాత్ర. అందులో 480 సంఖ్యలు పట్టునచో అది సెకండులో నూరవ వంతునకు, అనగా 10 మిల్లీసెకండులకు, సరిపోవును. అంతలోపల ప్రాసెసరు మరల రావలెను. రానిచో పరికరమునకు సంఖ్య దొరకదు. అపుడది సున్న నైన పలుకును, లేదా పాత్రలో మిగిలిన పాత సంఖ్యలనే తిరిగి పలుకును. కంప్యూటరు పూర్తిగా బిగుసుకొనిపోయినపుడు పాటలోని ఒక ముక్క "టటటట" అని మరల మరల వినబడుటకు కారణమిదే.

రికార్డు చేయునపుడు క్రమము తలక్రిందులగును. మైక్రోఫోను వైపు పరికరము పాత్రను నింపుచుండును. ప్రాసెసరు వచ్చి దానిని ఖాళీ చేయవలెను. ఆలస్యమైనచో పాత్ర పొంగి నీరు ఒలికిపోవును. ఒలికిన సంఖ్యలు ఎక్కడను మిగులవు. వినునపుడు కలిగిన ఆలస్యము వలన దాచిన పాటకు హాని లేదు. రికార్డు చేయునపుడు కలిగిన ఆలస్యము శాశ్వతమైన నష్టము.

చిన్న లోపమునకు పెద్ద చప్పుడు

ఒకటి రెండు మిల్లీసెకండుల లోపమును చెవి ఏల అంత స్పష్టముగా పట్టుచున్నది? ధ్వని తరంగము నున్నగా లేచి నున్నగా దిగుచుండును. సంఖ్యలు దొరకనపుడు అది ఎత్తున ఉన్నదల్లా ఒక్క గంతున సున్నకు పడును. మరల ఒక్క గంతున పైకి లేచును. ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము ఎట్టి తరంగమునైనను శుద్ధమైన కంపనముల మొత్తముగా విడదీయవచ్చును. నున్నని తరంగమునకు కొన్ని కంపనములే చాలును. నిటారుగా పడిన గోడ వంటి గంతునకు మాత్రము మంద్రము మొదలు తారము వరకు అన్ని కంపనములును కావలెను. ఆ గంతు నిమిత్తమై పాటలో లేని కంపనములన్నియు ఒక్కసారిగా పుట్టును. అదియే "టప్". వీణపై సన్నగా సాగుచున్న రాగములో చప్పట్లు చరచిన ఎట్లుండునో ఇది అట్లుండును. లోపము ఒకటియైనచో "టప్" అనియు, సెకండునకు పదియో ఇరువదియో అయినచో "చిటపట" అనియు, ఇంకను హెచ్చినచో "గరగర" అనియు వినబడును.

వేగము వేరు, వేళ వేరు

నేటి ప్రాసెసరులు సెకండునకు వందల కోట్ల లెక్కలు చేయగలవు. సెకండునకు 48,000 సంఖ్యలను అందించుట వాటికి భారము కాదు. కావున చిటపటలు వినబడగానే కంప్యూటరు మందమైనదని తలచి క్రొత్తది కొనుట తొందరపాటు. రోజు మొత్తము మీద మిక్కిలి పనిచేయగల అర్చకుడైనను, ధార తెగు సమయమున గుడి వెలుపల నున్నచో ప్రయోజనము లేదు. కావలసినది వేగము కాదు, సమయపాలనము.

విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థలు అనేక కార్యములను వంతులవారీగా నడుపును. ప్రతి పరికరమునకును డ్రైవరు అను ఒక చిన్న ప్రోగ్రాము కలదు. వైఫై డ్రైవరో, తెరను నడుపు డ్రైవరో ప్రాసెసరును పట్టుకొని, తన పని ముగియువరకు విడువకుండిన, ధ్వని వంతు వెనుకబడును. వైఫై కట్టివేయగానే చిటపటలు ఆగినచో కారణము అక్కడ నున్నట్లే. క్రొత్త డ్రైవరు వేసికొనుట దానికి మొదటి చికిత్స. ఏ డ్రైవరు ఎంత ఆలస్యము చేయుచున్నదో కొలిచి చూపు లేటెన్సీమాన్ వంటి సాధనములు విండోస్‌కు కలవు.

విద్యుత్తును పొదుపు చేయు ఏర్పాటు మరియొక కారణము. బ్యాటరీ పై నడుచునపుడు ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొని కునుకు తీయును. మేల్కొని పూర్తివేగము నందుకొనునంతలో పాత్ర ఖాళీ కావచ్చును. పవర్ అమరికను హెచ్చు సామర్థ్యమునకు మార్చి చూచినచో ఇది తేలును. ధ్వనికి మెరుగులు దిద్దు ఎన్‌హాన్స్‌మెంట్స్ అను అంశములను తీసివేసినను ప్రాసెసరునకు కొంత పని తగ్గును.

పాత్ర పెద్దదైనచో

అన్నిటికంటె సులువైన ఉపాయము పాత్రను పెద్దది చేయుట. ధ్వని సాఫ్ట్‌వేరులలో బఫర్ పరిమాణమును మార్చుకొను వీలుండును. సెకండునకు 48,000 లెక్కన 256 సంఖ్యల బఫర్ సుమారు 5 మిల్లీసెకండులకు, 1,024 సంఖ్యలది 21 మిల్లీసెకండులకు, 2,048 సంఖ్యలది 43 మిల్లీసెకండులకు చాలును. పెద్ద పాత్రయున్న అర్చకుడు కొంత ఆలస్యముగా వచ్చినను ధార తెగదు.

దీనికి చెల్లించవలసిన మూల్యము ఒకటి కలదు. పెద్ద పాత్రలో ఇపుడు పోసిన తులసితీర్థము అడుగునకు దిగి ధారలోనికి వచ్చుటకు చాలసేపు పట్టును. అట్లే పెద్ద బఫరులో ధ్వని ఆలస్యముగా వెలువడును. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును; కావున 10 మిల్లీసెకండుల ఆలస్యము పాడువానికి మూడున్నర మీటర్ల దూరమున కూర్చుండి వినుటతో సమానము. పాట వినువానికి ఇది లెక్కలోనిది కాదు. కాని కీబోర్డు వాద్యమును కంప్యూటరు ద్వారా మ్రోగించుచు, ఆ ధ్వనిని వినుచు వాయించువానికి ఆలస్యము హెచ్చినచో తాళము తప్పును. తెరపై అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రాముతో కంప్యూటరును వాడు అంధులకు గూడ, మీట నొక్కిన తరువాత మాట ఆలస్యముగా వచ్చిన పని కుంటుపడును. అటువంటివారు చిటపట వినబడని పరిమాణములలో మిక్కిలి చిన్నదానిని వెదకి నిలుపుకొనవలెను. తక్కినవారు సందేహింపక పెద్దదానిని పెట్టుకొనవచ్చును.

రెండు గడియారములు

కొన్నిచోట్ల చిటపట కాక, ఒకే వ్యవధిలో ఒక్కొక్క "టిక్" వినబడుచుండును. యు.ఎస్.బి. మైక్రోఫోనులో ఒక స్ఫటిక గడియారము, కంప్యూటరు ధ్వని పరికరములో వేరొక గడియారము ఉన్నపుడు ఇట్లు జరుగును. ఏ రెండు గడియారములును సరిగా ఒకే వేగమున నడువవు. వాటి భేదము పదిలక్షలలో 50 వంతులైనచో సెకండునకు 2.4 సంఖ్యలు హెచ్చుతగ్గు లగును. 480 సంఖ్యల నిలువ 200 సెకండులలో, అనగా 3 నిమిషముల 20 సెకండులలో, తరిగిపోయి ధార ఒకసారి తెగును. మరల అంతే వ్యవధికి మరియొకసారి. ఇట్లు గడియారము కొట్టినట్లు వచ్చు చప్పుడునకు రెండు పనులకును ఒకే పరికరమును వాడుటయే మేలైన మార్గము. ఒక పరికరము 44,100 కును, మరియొకటి 48,000 కును అమర్చియున్నచో రెంటిని ఒకే సంఖ్యకు మార్చి చూడవలెను.

ఆలస్యముతో సంబంధము లేనివి

ఇంతవరకు చెప్పినది సంఖ్యల దారి. దీని రెండు కొనలయందును ధ్వని మరల విద్యుత్తరంగమే. అక్కడ పాతకాలపు దోషములన్నియు నేటికిని ఉన్నవి.

మొదటిది ప్లగ్గు. హెడ్‌ఫోను ప్లగ్గు వదులైనను, సాకెట్టులో దుమ్ము పట్టినను, తీగె లోపల విరిగినను గరగర వచ్చును. ప్లగ్గును మెల్లగా త్రిప్పినపుడు చప్పుడు మారినచో సాఫ్ట్‌వేరును వెదకుట వృథా.

రెండవది శక్తికి మించిన బిగ్గరతనము. పదునారు బిట్ల కొలతలో 32,767 ను మించిన ఎత్తు వ్రాయుటకు వీలులేదు. పాట అంతకు మించి లేచినచో తరంగపు శిఖరములు కత్తితో కోసినట్లు చదునగును. ఇట్టి చిటపట బిగ్గరగా పాడిన చోట్లనే వినబడును. మెల్లని చోట్ల ఉండదు. వినునపుడైనచో ధ్వనిని తగ్గించిన పోవును. రికార్డులోనే శిఖరములు తెగియున్నచో పోయిన భాగము తిరిగి రాదు.

మూడవది ధ్వని చిప్పు నిద్ర. విద్యుత్తు పొదుపునకై కొన్ని యంత్రములు నిశ్శబ్దమున ధ్వని చిప్పును ఆపివేయును. మరల పలుకవలసినపుడు దానిని లేపును. ఆ సమయమున స్పీకరుకు చేరు వోల్టేజి కొంత కదలి "టప్" అనును. పాట మొదటను చివరను మాత్రమే వచ్చు చప్పుడు ఇదే. ధ్వని పరికరమునకు పొదుపు ఏర్పాటును తీసివేసిన ఆగును.

నాల్గవది విద్యుత్తు తీగెల కలయిక. ఛార్జరు పెట్టగానే గరగర మొదలై, తీయగానే ఆగినచో దోషము ఛార్జరుదో, ఎర్తుదో. ఇట్టిచోట కొందరు ప్లగ్గులోని మూడవ కొనను, అనగా ఎర్తు పిన్నును, తీసివేసి చప్పుడు పోయినదని సంతోషింతురు. ఇది ప్రాణాపాయము. లోపల తీగె చెడినపుడు మనుష్యుని కాపాడునది ఆ పిన్నే. దానిని ఎన్నడును తీయరాదు. పరికరములన్నిటిని ఒకే విద్యుత్తు పలకకు కలుపుట, వేరొక ఛార్జరు పెట్టి చూచుట, ఎర్తు సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయుట సరియైన పద్ధతులు.

బ్లూటూత్ హెడ్‌ఫోనులకు మరియొక చిక్కు కలదు. అవి వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగములనే వైఫైయు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యియు వాడును. కొన్ని వేగవంతమైన యు.ఎస్.బి. 3 తీగెలనుండియు ఈ ప్రాంతపు అలజడి వెలువడును. తీగె హెడ్‌ఫోను పెట్టగానే చప్పుడు పోయినచో కారణమిదియే.

పరీక్షించు క్రమము

మంచి వైద్యుడు ఒకేసారి పది మందులీయడు. ఇక్కడను ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలమును చూడవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది పనిచేసినదో తెలియదు.

మొదట చప్పుడు వినబడిన చోటును గుర్తుంచుకొని, పాటలోని ఆ భాగమునే మూడుసార్లు వినవలెను. ప్రతిసారియు అదే అక్షరము వద్ద అదే చప్పుడు వచ్చినచో అది రికార్డులోనే యున్నది. ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట వచ్చినచో రికార్డు మంచిది, వినిపించు యంత్రముననే దోషమున్నది. సందేహము తీరనిచో అదే ఫైలును వేరొక కంప్యూటరులోనో, సెల్‌ఫోనులోనో వినవలెను.

దోషము యంత్రముననే యని తేలిన పిమ్మట హెడ్‌ఫోనును మార్చి చూడవలెను. తరువాత ధ్వనిని తగ్గించి, ఆ తరువాత ఛార్జరును తీసి చూడవలెను. ఇంటర్నెట్టు నుండి వచ్చు పాటయైనచో దానిని కంప్యూటరులో నిలువ చేసికొని, ఇంటర్నెట్టును ఆపి వినవలెను; అపుడు చప్పుడు లేకున్నచో సంఖ్యలు ఇంటిలో కాక దారిలోనే ఆలస్యమగుచున్నవి. ఇవన్నియు అయినను చప్పుడు పోనిచో డ్రైవరులు, విద్యుత్తు పొదుపు, బఫర్ పరిమాణము వరుసగా చూడవలెను. ఈ క్రమములో సులువైనవి ముందు, కష్టమైనవి వెనుక ఉన్నవి. ఖర్చుతో కూడినవి అన్నిటికంటె వెనుక.

అవ్వ పాటల విషయములోను ఈ మొదటి పరీక్షయే మనుమనికి దారి చూపును. చప్పుడు చోటు మారుచున్నచో పాట దక్కినట్లే. మారనిచో, ఒంటరిగా ఉన్న చిన్న "టప్" లను సాఫ్ట్‌వేరుతో కొంతవరకు పూడ్చవచ్చును. కాని ఒలికిపోయిన సంఖ్యల స్థానమున అది వేయునది ఊహయే గాని అవ్వ గొంతు కాదు. రికార్డు చేయుటకు ముందే కొన్ని జాగ్రత్తలు తీసికొనుట ఉత్తమము. ఇక్కడ ఆలస్యముతో పనిలేదు గనుక బఫరును పెద్దది చేసికొనవలెను. వైఫైని ఆపి, ఇతర ప్రోగ్రాములను మూసివేయవలెను. పాట మిక్కిలి బిగ్గరగా నున్న చోటగూడ గరిష్ఠమునకు నాల్గవ వంతు ఎత్తును మించకుండునట్లు మైక్రోఫోనును అమర్చవలెను. పెద్దవారిని అలసట పెట్టకముందే ఒక్క నిమిషము ఏదైనను మాటలాడించి రికార్డు చేసి, ఆ నిమిషమును హెడ్‌ఫోనుతో పూర్తిగా విని చూడవలెను. ఆ ఒక్క నిమిషము శుభ్రముగా నున్నచో మొదటి పాటను నిశ్చింతగా పాడుమనవచ్చును.